లండన్ ప్రయాణానికి ఏ కార్డు: ఆయిస్టర్, కాంటాక్ట్‌లెస్, ట్రావెల్‌కార్డుల బేరీజు

నల్లగొండ, సూర్యాపేట, పాలమూరు ప్రాంతాల నుంచి లండన్‌కు వెళ్లి వచ్చిన తల్లిదండ్రులు ఇప్పుడు ప్రతి వీధిలోనూ కనిపిస్తున్నారు. చదువుకోసమో ఉద్యోగంకోసమో వెళ్లిన పిల్లలు అక్కడ నిలదొక్కుకున్నాక, కాన్పుకో, గృహప్రవేశానికో, లేదంటే ఊరు చూసి రావడానికో పెద్దవాళ్లు బయలుదేరుతున్నారు. వీసా, బీమా, సామాను బరువు, పచ్చళ్ల ప్యాకింగు గురించి నెలల ముందు నుంచే ఆలోచించే మనం, అక్కడ దిగిన మరునాటి నుంచి రోజూ చేతిలో ఉండాల్సిన రవాణా కార్డు గురించి మాత్రం అడగం. ‘పిల్లలు చూసుకుంటారు’ అనుకుంటాం. పిల్లలు పొద్దున్నే ఆఫీసుకు వెళ్లిపోతారు. తామే బయటికి వెళ్లగలిగిన పెద్దవాళ్లకు ఆ కార్డే కాళ్లు. నేను, మా ఇంటావిడ కొంతకాలం పడమటి లండన్‌లోని హౌన్‌స్లోలో మా అబ్బాయి ఇంట్లో ఉండి, అక్కడి బస్సులూ రైళ్లూ బాగా వాడుకొని వచ్చాం కనుక, ఏ కార్డు ఎవరికి సరిపోతుందో నా అభిప్రాయం వివరంగా రాస్తున్నాను.

ముందే చెబుతాను. పిల్లల ఇల్లు లండన్ జోన్ల లోపల ఉంటే, మన ప్రాంతం నుంచి వెళ్లే పెద్దవాళ్లకు ముందుగా డబ్బు నింపుకొని బస్సులకూ రైళ్లకూ వాడే మామూలు ఆయిస్టర్ కార్డే మేలు, అదీ మనిషికొకటి. ఇల్లు లండన్‌కు పడమటనున్న స్లౌ, రెడింగ్ వైపు ఉంటే, యంత్రానికి ఆనించి చెల్లించే కాంటాక్ట్‌లెస్ బ్యాంకు కార్డే మేలు. పర్యాటకుల కోసం అమ్మే విజిటర్ ఆయిస్టర్, ఎన్నిసార్లైనా తిరగనిచ్చే పాసు లాంటి, ఒక్క రోజు చెల్లే కాగితపు ట్రావెల్‌కార్డు మనకు అవసరం లేదు.

ఎందుకో తెలియాలంటే అక్కడి పద్ధతి కాస్త తెలియాలి. మన ఆర్టీసీ బస్సులో కండక్టర్ దగ్గరికి వచ్చి ఎక్కడికో అడిగి టికెట్ కొడతారు. ఆడవాళ్లయితే ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకుంటారు. లండన్ సిటీ బస్సులో కండక్టర్ ఉండరు, 2014 జూలై నుంచి నగదు కూడా తీసుకోరు. ముందు తలుపు దగ్గర డ్రైవర్ పక్కన పసుపు పచ్చని రీడర్ ఉంటుంది. కార్డును దానికి ఆనిస్తే పచ్చ దీపం వెలుగుతుంది, చిన్న చప్పుడు వస్తుంది, అంతే. దిగేటప్పుడు మళ్లీ ఆనించనక్కర్లేదు. రైళ్ల సంగతి వేరు. ఎల్బీనగర్ మెట్రోలో లోపలికి వెళ్లేటప్పుడూ బయటికి వచ్చేటప్పుడూ కార్డు చూపించినట్టే, అక్కడి ట్యూబ్ (భూగర్భ మెట్రో), ఓవర్‌గ్రౌండ్, ఎలిజబెత్ లైన్ రైళ్లకు రెండు చోట్లా ఆనించాలి. నగరాన్ని నడిబొడ్డు నుంచి బయటికి వలయాలుగా విభజించి జోన్లని పేరు పెట్టారు. వెస్ట్‌మినిస్టర్, టవర్ బ్రిడ్జ్ లాంటివి జోన్ 1లో, తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే ఈస్ట్ హామ్ జోన్ 3, 4 సరిహద్దులో, హీత్రో విమానాశ్రయం జోన్ 6లో ఉన్నాయి. ఎన్ని జోన్లు దాటితే అంత చార్జీ. బస్సుకు జోన్లు లేవు. నగరంలో ఎక్కడ ఎక్కి ఎక్కడ దిగినా ఒకటే ధర.

ఈ ఏర్పాటులో నాకు అన్నిటికన్నా నచ్చినది రోజువారీ పరిమితి. ఒక రోజులో ఎన్నిసార్లు తిరిగినా, కార్డు నుంచి పోయే సొమ్ము ఒక హద్దు దాటదు. 2025 మార్చి ధరల ప్రకారం జోన్ 1, 2 లోపల తిరిగితే ఆ హద్దు 8.90 పౌండ్లు, జోన్ 4 దాకా అయితే 12.80, జోన్ 6 దాకా అయితే 16.30. బస్సులే ఎక్కితే ఆ ధరల్లో ఒక ప్రయాణానికి 1.75, రోజంతటికీ 5.25, అంటే మూడు ప్రయాణాల డబ్బు పోయాక ఆ రోజు నాలుగో బస్సు నుంచి ఏమీ పోదు. పైగా మొదటి బస్సు ఎక్కిన గంటలోపు ఇంకో బస్సు ఎక్కితే దానికీ డబ్బు పోదు. దీన్ని హాపర్ చార్జీ అంటారు. 2016లో ఒక్క మార్పుకే ఇచ్చారు, 2018 నుంచి గంటలో ఎన్ని బస్సులు మారినా వర్తిస్తోంది. పౌండు వంద రూపాయలు దాటిన ఈ కాలంలో మనలాంటివాళ్లకు ఇది పెద్ద ఊరట. మోకాళ్ల నొప్పులతో మెట్లు ఎక్కలేనివాళ్లు, తొందర పని లేనివాళ్లు బస్సులతోనే లండన్ అంతా చూడవచ్చు. కింది అంతస్తులో ముందు సీట్లు పెద్దవాళ్లకు వదిలిపెడతారు కూడా.

ఈ పరిమితులన్నీ ఆయిస్టర్‌కూ కాంటాక్ట్‌లెస్ బ్యాంకు కార్డుకూ సమానమే. ఒక్కో ప్రయాణానికి పెద్దల చార్జీ కూడా రెండింటికీ ఒకటే. అందుకే అక్కడ ఉద్యోగం చేసే మన పిల్లలు ‘ఆయిస్టర్ ఎందుకు నాన్నా, బ్యాంకు కార్డు ఆనిస్తే సరిపోతుంది’ అంటారు. వాళ్ల వరకు అది నిజమే. వాళ్ల కార్డు అక్కడి బ్యాంకుది, జీతం పౌండ్లలో పడుతుంది. మన కార్డు సంగతి అది కాదు.

రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం 2020 నుంచి కొత్తగా ఇచ్చే కార్డులు మన దేశంలోనే, అదీ ఏటీఎంలలోనూ దుకాణాల్లోనూ పని చేసేలా వస్తున్నాయి. విదేశీ వాడకాన్ని, కాంటాక్ట్‌లెస్ వాడకాన్ని విడివిడిగా మనమే బ్యాంకు యాప్‌లోనో శాఖలోనో అడిగి తెరిపించుకోవాలి. ఇక్కడి నుంచి బయలుదేరేముందే ఈ పని చేయకపోతే, అక్కడికి వెళ్లాక ఇక్కడి ఫోన్ నంబరుకు ఓటీపీ అందక ఇబ్బంది. రూపే గుర్తు మాత్రమే ఉన్న కార్డు అక్కడి గేట్ల దగ్గర చెల్లదు. వీసా, మాస్టర్‌కార్డ్, అమెరికన్ ఎక్స్‌ప్రెస్ గుర్తులు ఉండాలి. యూపీఐ ఆ గేట్ల దగ్గర లేదు. ఇవన్నీ సరిచేసుకున్నా, చాలా బ్యాంకులు విదేశీ మారకం మీద మూడు శాతం దాకా, కొన్ని 3.5 శాతం వరకు రుసుము వేసి, ఆ రుసుము మీద 18 శాతం జీఎస్టీ కలుపుతాయి. నెలల తరబడి రోజూ తిరిగేవాళ్లకు అది చిన్న మొత్తం కాదు. పౌండ్లు నింపి తీసుకెళ్లే ఫారెక్స్ కార్డుకు ఈ బాధ చాలావరకు తప్పుతుంది, దానికి కాంటాక్ట్‌లెస్ సౌకర్యం ఉందో లేదో మాత్రం ముందే చూసుకోవాలి.

మాకు ఇక్కడ ఖాతా ఉన్న ఒక బ్యాంకు కార్డుకు అన్ని అనుమతులూ తెరిపించుకొనే వెళ్లాం. మొదటి వారం బాగానే పని చేసింది. ఒక సాయంత్రం హౌన్‌స్లో ఈస్ట్ స్టేషన్ గేటు దగ్గర కార్డు ఆనిస్తే ఎర్ర దీపం వెలిగి, సిబ్బందిని అడగమని తెర మీద అక్షరాలు వచ్చాయి. వెనక నిలబడ్డవాళ్లు పక్క గేటుకు మారిపోయారు, మేము పక్కకు జరిగి నిలబడ్డాం. స్టేషన్ ఉద్యోగి వచ్చి చూసి, కార్డు ఇచ్చిన బ్యాంకే చెల్లింపును తిరస్కరించిందనీ తాము చేయగలిగింది ఏమీ లేదనీ మర్యాదగా చెప్పాడు. అప్పుడు మన దగ్గర అర్ధరాత్రి. ఫోన్ చేసినా బ్యాంకు పలకదు. ఇంగ్లీషు ధారాళంగా మాట్లాడలేని పెద్దవాళ్లు ఒంటరిగా అలాంటి చోట చిక్కుకుంటే పడే కంగారు ఊహించండి. ఆ మరునాడే ఇద్దరికీ ఆయిస్టర్ తీసుకున్నాం.

ఇంకో ముఖ్యమైన సంగతి: ఒక కార్డుతో ఇద్దరు వెళ్లడం కుదరదు. భర్త కార్డు ఆనించి లోపలికి వెళ్లి, అదే కార్డు వెనక్కి అందిస్తే భార్యకు గేటు తెరుచుకోదు. మన ఇళ్లలో సాధారణంగా విదేశీ వాడకం ఉన్న కార్డు ఒకటే ఉంటుంది, అదీ ఇంటాయన పేరు మీద. కాబట్టి రెండో మనిషికి ఎలాగూ వేరే కార్డు కావాలి. ఇంటి ఆడవాళ్ల దగ్గర వాళ్ల సొంత కార్డు ఉంటే, గుడికో కూరగాయల అంగడికో ఎవరి కోసం ఎదురుచూడకుండా వెళ్లి రాగలరు. మా ఇంటావిడ కార్డు చేతికొచ్చాక సౌత్‌హాల్ బజారుకు తనే వెళ్లి, మెంతికూర కట్టలు తెచ్చుకోవడం మొదలుపెట్టింది. నా దృష్టిలో ఆయిస్టర్‌కు పడే మార్కుల్లో సగం దీనికే.

ఆయిస్టర్ కొనడం కష్టమేమీ కాదు. ట్యూబ్ స్టేషన్లలోని టికెట్ యంత్రాల్లోనూ, ఆయిస్టర్ గుర్తు పెట్టిన చిన్న దుకాణాల్లోనూ దొరుకుతుంది. కార్డు ధర మాత్రం బాధించే విషయమే. ఒకప్పుడు 5 పౌండ్లు ఉండేది. 2022 సెప్టెంబరులో 7 చేసి, తిరిగి ఇవ్వడం మానేశారు. 2025లో 10 చేశారు. ఇద్దరికి 20 పౌండ్లంటే మన డబ్బుల్లో రెండు వేలు దాటిపోతాయి. రెండు మూడు రోజులు ఆగి వేరే దేశానికి వెళ్లిపోయేవాళ్లకు ఈ ఖర్చు దండగ, వాళ్లు ఫారెక్స్ కార్డు ఆనించుకోవడమే మంచిది. నెలలపాటు ఉండేవాళ్లకు మాత్రం కిట్టుబాటే. డబ్బు నింపుకోవడానికి యంత్రం ముందు నిలబడి కార్డును దాని పసుపు వలయానికి ఆనిస్తే ఎంత మిగిలి ఉందో తెర మీద కనిపిస్తుంది. ఎంత కావాలో ఎంచుకొని నోట్లో నాణేలో వేసి, లేదా బ్యాంకు కార్డు పెట్టి, చివర్లో ఆయిస్టర్‌ను మళ్లీ ఒకసారి అదే వలయానికి ఆనించాలి. ఈ చివరి ఆనింపు అయితేనే డబ్బు కార్డులోకి ఎక్కుతుంది. నోట్లు తీసుకునే యంత్రాలు, కార్డులే తీసుకునే యంత్రాలు వేర్వేరుగా ఉంటాయి కనుక పైన రాసినది చూసుకోవాలి.

కార్డులో మిగిలిన డబ్బుకు గడువు లేదు. ఈసారి మిగిలింది మరో రెండేళ్లకు వెళ్లినా అలాగే ఉంటుంది. ప్రత్యేక రాయితీలేవీ ఎక్కించని మామూలు కార్డును, మనం వాడనప్పుడు ఇంకొకరికి ఇవ్వవచ్చు కూడా. ఇంటికొకరు అక్కడ ఉన్న ఊళ్లలో ఇది గట్టి సౌలభ్యం; తిరిగి వచ్చిన వియ్యంకుల దగ్గర కార్డు తీసుకొని వెళితే ఆ 10 పౌండ్లు మిగిలినట్టే.

అయితే అరవై దాటినవాళ్లు రాయితీ ఎక్కించుకోవడమే లాభం. లండన్‌లో అరవై నిండినవాళ్లకు ఉచిత ప్రయాణమని మన దగ్గర చాలామంది చెప్పుకుంటారు. అది లండన్‌లో నివాసం ఉన్నవాళ్లకే. సందర్శకులుగా వెళ్లినవాళ్లకు వర్తించదు. వాళ్లకు అక్కరకొచ్చేది సీనియర్ రైల్‌కార్డ్. అరవై నిండిన ఎవరైనా, ఏ దేశస్థులైనా తీసుకోవచ్చు. మనలాంటి పాస్‌పోర్టు ఉన్నవాళ్లు సిబ్బంది ఉన్న రైల్వే స్టేషన్ టికెట్ కౌంటర్‌లో పాస్‌పోర్టు చూపించి తీసుకోవాలి. 2025 మార్చి నుంచి ఏడాదికి 35 పౌండ్లు. ఆ కార్డును ట్యూబ్ స్టేషన్ సిబ్బందికి చూపిస్తే దాన్ని మన ఆయిస్టర్‌కు జోడిస్తారు. అప్పటి నుంచి రద్దీ లేని వేళల రైలు చార్జీలో మూడో వంతు తగ్గుతుంది, ఆ వేళల రోజువారీ పరిమితీ అదే నిష్పత్తిలో తగ్గుతుంది. సోమవారం నుంచి శుక్రవారం వరకు ఉదయం ఆరున్నర నుంచి తొమ్మిదిన్నర, సాయంత్రం నాలుగు నుంచి ఏడు రద్దీ వేళలు. ఇంట్లో టిఫిన్ చేసి, పిల్లలను బడికి పంపి, పది గంటలకు బయలుదేరే పెద్దవాళ్లకు ఆ వేళలతో పనే లేదు. బస్సు చార్జీకి ఈ రాయితీ లేదు. ఈ జోడింపు ఆయిస్టర్‌కే సాధ్యం, బ్యాంకు కార్డుకు కాదు. నేను ఆయిస్టర్ వైపు మొగ్గడానికి ఇంతకన్నా బలమైన కారణం లేదు, ఈ సంగతి తెలిసినవాళ్లు మన దగ్గర చాలా తక్కువ. అయితే రాయితీ ఎక్కిన కార్డును ఇంకొకరికి ఇవ్వకూడదు.

ఇక ఆయిస్టర్ ఆగిపోయే చోటు. ఎలిజబెత్ లైన్ పడమటి వైపు రెడింగ్ దాకా వెళుతుంది, కానీ వెస్ట్ డ్రేటన్ దాటాక ఆయిస్టర్ చెల్లదు. ఐవర్, లాంగ్లీ, స్లౌ, మెయిడెన్‌హెడ్, రెడింగ్ స్టేషన్లలో కాంటాక్ట్‌లెస్ బ్యాంకు కార్డు గానీ మామూలు రైలు టికెట్ గానీ ఉండాలి. రైలు ఒకటే, రంగు ఒకటే, కనుక కొత్తవాళ్లకు ఈ హద్దు కనిపించదు. దేవరకొండ రోడ్డులో మా ఇంటి దగ్గర ఉండే ఒకాయన ఈ మధ్య అడిగారు: “సార్, మా చిన్నోడు స్లౌల ఉంటుండు. మీ దగ్గరున్న ఆ కార్డు పట్టుకపోతె పనికొస్తదా?” నేను వెంటనే చెప్పాను: “వద్దు తమ్మీ, ఆడ అది చెల్లది. నీకొకటి, మరదలికొకటి ఫారెక్స్ కార్డు చేయించుకో, కాంటాక్ట్‌లెస్ ఉందా అని బ్యాంకుల గట్టిగ అడుగు.” స్లౌ నుంచి హీత్రో దగ్గర, సాఫ్ట్‌వేర్ ఆఫీసులు దగ్గర, ఇళ్లూ దొరుకుతాయి కనుక మన పిల్లలు అక్కడ చాలామంది ఉన్నారు. కాబట్టి ఏ కార్డు అన్న ప్రశ్నకు ముందు, పిల్లల ఇంటికి దగ్గరి స్టేషన్ ఏదో అడిగి తెలుసుకోవాలి.

వారపు లెక్క గురించి కూడా కాస్త జాగ్రత్త అవసరం. రోజుకు ఉన్నట్టే వారానికీ ఒక పరిమితి ఉంది. జోన్ 1, 2 లకు 2025లో 44.70 పౌండ్లు, అంటే దాదాపు ఐదు రోజుల పరిమితి. అయితే ఆ వారం ఎప్పుడూ సోమవారం మొదలై ఆదివారంతో ముగుస్తుంది. గురువారం దిగి బుధవారం దాకా రోజూ పరిమితి నిండేలా తిరిగితే, గురువారం నుంచి ఆదివారం దాకా నాలుగు రోజులకు 35.60, తర్వాతి మూడు రోజులకు 26.70, మొత్తం 62.30 పౌండ్లు పోతాయి. రెండు వారాల్లో ఏ వారమూ హద్దు చేరదు. అదే ఆయిస్టర్ మీద ఏడు రోజుల ట్రావెల్‌కార్డు ఎక్కించుకుంటే, ఏ రోజు మొదలుపెట్టినా ఏడు రోజులకూ 44.70తో సరిపోతుంది. వారం రోజుల విహారానికి వచ్చి నడిబొడ్డున హోటల్లో ఉండేవాళ్లకు ఇదే సరైన దారి. ఈ ట్రావెల్‌కార్డును బ్యాంకు కార్డు మీద ఎక్కించలేం, విజిటర్ ఆయిస్టర్ మీద కూడా ఎక్కించలేం. విజిటర్ కార్డును ఇక్కడి నుంచే తెప్పించుకొని తీసుకెళ్లవచ్చన్నది నిజమే, కానీ మన కోసం విమానాశ్రయానికి వచ్చే పిల్లలు ఉన్నప్పుడు ఆ తపాలా ఖర్చు ఎందుకు? కాగితపు ఒక్కరోజు ట్రావెల్‌కార్డు రోజువారీ పరిమితి కన్నా ఖరీదు. దాన్ని తీసుకోవడానికి మన పెద్దవాళ్లకు కారణం కనిపించదు. అన్నిటికన్నా నష్టం యంత్రంలో నగదుకు కొనే విడి టికెట్. జోన్ 1లో కార్డు చార్జీకి అది రెండింతలకు పైనే.

వాడకంలో పెద్దవాళ్లు గుర్తు పెట్టుకోవలసిన చోటు డీఎల్ఆర్ (డాక్‌లాండ్స్ లైట్ రైల్వే) రైళ్లు. గ్రీనిచ్ చూడటానికి అందరూ ఆ రైలే ఎక్కుతారు. చాలా డీఎల్ఆర్ స్టేషన్లలో గేట్లు ఉండవు. ప్లాట్‌ఫాం దగ్గరో మెట్ల దగ్గరో రీడర్ ఉన్న స్తంభం నిలబడి ఉంటుంది. అడ్డం లేదు కదా అని నేరుగా నడిచి వెళ్లిపోతే, మనం ఎక్కడ దిగామో లెక్కలో ఉండదు, గరిష్ఠ చార్జీ కోత పడుతుంది. కొన్ని మార్పిడి స్టేషన్లలో గులాబీ రంగు రీడర్లు ఉంటాయి. జోన్ 1కి పోకుండా చుట్టూ తిరిగి వచ్చినవాళ్లు దానికి కార్డు ఆనిస్తే తక్కువ చార్జీ పడుతుంది. స్ట్రాట్‌ఫర్డ్, రిచ్‌మండ్, విల్స్‌డెన్ జంక్షన్ లాంటి చోట్ల అవి కనిపిస్తాయి. పర్సులో ఆయిస్టర్, బ్యాంకు కార్డు కలిసి ఉంటే రీడర్ ఏదో ఒకదాన్ని పట్టుకుంటుంది కనుక, కావలసిన కార్డును విడిగా తీసి ఆనించాలి. ఆడవాళ్లు మెడలో వేసుకునే కార్డు సంచీ ఒకటి ఇక్కడి నుంచే తీసుకెళితే ఈ తంటా ఉండదు.

హీత్రో నుంచి నగరంలోకి మూడు దారులు, మూడింటికీ ఆయిస్టర్ చెల్లుతుంది. 2025 ధరల్లో పికడిల్లీ లైన్ ట్యూబ్‌లో జోన్ 1కి 5.80, ఎలిజబెత్ లైన్‌లో 13.90, హీత్రో ఎక్స్‌ప్రెస్‌లో అప్పటికప్పుడు ఎక్కితే 25 పౌండ్లు. సామాను ఎక్కువుంటే ఎలిజబెత్ లైన్ హాయి. హౌన్‌స్లో వాళ్లు నగరం మధ్యకు పోనక్కర్లేదు కనుక పికడిల్లీ లైన్‌లో కొద్ది స్టేషన్లే, చార్జీ కూడా తక్కువ.

పదకొండేళ్ల లోపు మనవలకు బస్సులో డబ్బు లేదు. ట్యూబ్‌లో డబ్బు కట్టే పెద్దవాళ్లు ఒకరు వెంట ఉంటే నలుగురి దాకా ఉచితం. పదకొండు నుంచి పదిహేనేళ్ల పిల్లలు సెలవులకు వెళితే, స్టేషన్ సిబ్బంది వాళ్ల ఆయిస్టర్ మీద పద్నాలుగు రోజుల వరకు సగం చార్జీ రాయితీ పెడతారు. పిల్లవాణ్ని వెంట తీసుకెళ్లాలి.

చివరగా, మనవాళ్లు తప్పకుండా అడిగే టివిడేల్ బాలాజీ గుడి విషయం. అది లండన్‌లో లేదు, బర్మింగ్‌హామ్ దగ్గర ఉంది. అక్కడికి ఆయిస్టర్ చెల్లదు. యూస్టన్ స్టేషన్ నుంచి వెళ్లే రైలుకు విడిగా టికెట్ కొనాలి. అయితే సీనియర్ రైల్‌కార్డ్ ఈ టికెట్‌కూ మూడో వంతు తగ్గిస్తుంది. దంపతులిద్దరూ అరవై దాటినవాళ్లయితే, పొద్దున రద్దీ దాటాక బయలుదేరే రైలుకు ముందుగా టికెట్లు తీసుకొని, దర్శనం చేసుకొని సాయంత్రానికి తిరిగి రావచ్చు. ఇంటి నుంచి యూస్టన్ దాకా ఆయిస్టర్, అక్కడి నుంచి రైలు టికెట్. రైల్‌కార్డ్ మాత్రం వెంట ఉండాలి, రైల్లో టికెట్ తనిఖీకి వచ్చినవాళ్లు దాన్ని చూపించమంటారు.